తొమ్మిదో తరగతిలో తాత ఎవరు?

మీ తరగతిలో పద్నాలుగేళ్ళకే తల నెరిసినవాళ్ళు ఒకరైనా ఉండే ఉంటారు. వాళ్ళను ‘తాతా’, ‘ముసలమ్మా’ అని పిలిచేవాళ్ళూ ఉంటారు. మా తిరుమలగిరిలోనూ ఉన్నారు. ఆ పిలుపు మానండి. అది మర్యాద కాదు సరే, శాస్త్రరీత్యా కూడా తప్పే.

వెంట్రుక పుట్టేది చర్మం లోపలి రోమకూపంలో. అక్కడి మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ అనే రంగుపదార్థాన్ని తయారుచేసి, పెరిగే వెంట్రుకకు అందిస్తాయి. ఇందుకు టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి. దాని జన్యువు మీ కాలేయంలోని కణాల్లోనూ ఉంది. కాని అక్కడ పనిచేయదు. జన్యువు ఉండటం వేరు, పనిచేయడం వేరు! మెండెల్ బఠాణీల పాఠం చదివి జన్యువంటే నుదుటిరాత అనుకునేవాళ్ళు ఈ తేడా గమనించరు.

వెంట్రుక కొన్నేళ్ళు పెరిగి రాలిపోతుంది. అదే కూపంలో కొత్తది మొలుస్తుంది. దానికి రంగుకణాలను ఇచ్చే మూలకణాలు వయసుతో తరిగిపోతాయని 2005లో ఎమి నిషిమురా బృందం చూపింది. 2023లో న్యూయార్క్ శాస్త్రజ్ఞులు చిట్టెలుకల్లో మరో వింత చూశారు. మూలకణాలు ఉన్నాయి, కాని కూపంలో ఒకచోట చిక్కుకుపోయాయి. రంగుకణాలుగా మారమనే రసాయన సంకేతం అక్కడికి అందదు. బట్టతల సంగతీ ఇలాంటిదే. ముసలి చిట్టెలుకల్లో ఫాక్స్‌సి1, ఎన్‌ఫాట్‌సి1 అనే జన్యువుల పని తగ్గి, మూలకణాలు కూపం విడిచి పోతున్నాయని 2021లో తేలింది.

మరి బాలనెరుపు? మన దేశంలో 25 ఏళ్ళలోపు నెరిస్తే ఆ పేరు. తరచుగా అది వంశంలోనే ఉంటుంది. కొందరిలో బి12 విటమిన్ లోపమో, థైరాయిడ్ జబ్బో ఉండవచ్చు కనుక ఒకసారి డాక్టరుకు చూపించాలి. అంతేగాని తల నెరిసిందని గుండె, ఎముకలు ముసలివి కావు. మన వైపు ప్రతిదానికీ బోరునీళ్ళను తిట్టడం అలవాటు. నల్లగొండ నీళ్ళలోని ఫ్లోరైడ్ పళ్ళను, ఎముకలను పాడుచేసిన మాట నిజమే. వెంట్రుకల నేరం కూడా దాని మీద వేయాలంటే రుజువు కావాలి కదా!

నెలలో నలుపు తెస్తామనే నూనెల మీద డబ్బు పోయకండి. చర్మం బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణాలే లేవు. నూనెతో అది మెరుస్తుంది, అంతే. ఒకటి పీకితే పది మొలుస్తాయన్నదీ వట్టిమాటే.

బడిలో సూక్ష్మదర్శిని ఉంటే, మీ మిత్రుణ్ణి పేరుపెట్టి పిలిచి ఒక తెల్లవెంట్రుక అడగండి. నల్లదాని పక్కన పెట్టి చూడండి. అది తెల్లగా ఉండదు, రంగే లేకుండా ఉంటుంది.