వాసనకు చేప వస్తుంది.. మరి బరువు వస్తుందా?

గుణదల దగ్గర ఏలూరు కాలువ గట్టున గాలం వేసేవారిని చూసే ఉంటారు. ఉత్త పిండి ముద్ద గుచ్చేవారు తక్కువ. అందులో చెక్క పొడో, వెల్లుల్లో కలిపి వాసన తెప్పిస్తారు. ఇప్పుడు అదే కిటుకు సీసాల్లో, డబ్బాల్లో మీ చెరువు గట్టుకు వస్తోంది. ‘మేతలో కలిపితే చేప ఎగబడి తింటుంది’ అని అమ్ముతున్నారు. అప్పు మీద కొనే ముందు ఒకసారి లెక్క చూసుకోండి.

ఇప్పుడే ఎందుకు?

చేపల సాగులో సగానికి పైగా ఖర్చు మేతదే. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులకు గట్టి దెబ్బ తగిలింది. రొయ్య కలిసిరాక చెరువులు చేపకు మళ్లితే శీలావతి, బొచ్చె ధరలపైనా ఒత్తిడి పడుతుంది. ధర మన చేతిలో లేనప్పుడు మనం సరిచూసుకోగలిగింది మేత ఖర్చే.

చేపకు వాసన ఎలా తెలుస్తుంది?

చేప ముక్కు శ్వాసకు కాదు, వాసనకే. కళ్ల ముందున్న రంధ్రాల్లోంచి నీరు వెళ్లి వస్తుంటే అందులో కరిగిన పదార్థాలను పసిగడుతుంది. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు దాన్ని బాగా లాగుతాయి. మన ముక్కుకు ఘాటుగా ఉన్నంత మాత్రాన అది చేపను పిలుస్తుందని కాదు. దగ్గరకు వచ్చాక నోటితో రుచి చూస్తుంది, నచ్చకపోతే ఉమ్మేస్తుంది.

మన కొల్లేరు ప్రాంతపు సంచి మేతలో ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. సంచి అడుగు రంధ్రాల్లోంచి తవుడు, చెక్క కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతాయి. రోజూ అదే కర్ర దగ్గర, అదే వేళకు కడితే చేప అలవాటు పడి వస్తుంది. దీనికి అదనపు ఖర్చు లేదు.

లెక్క ఇదీ

మేత కిలో రూ.20, కిలో చేపకు 3 కిలోల మేత పడుతోందనుకుందాం. అంటే మేత ఖర్చు రూ.60. మందు కలిపితే మేత కిలోకు రూ.2 పెరిగిందనుకోండి, ఖర్చు రూ.66. 4 టన్నుల చేపకు రూ.24,000 అదనం. ఆ డబ్బు తిరిగి రావాలంటే 3 కిలోల మేత సుమారు 2.7 కిలోలకు తగ్గాలి. సంచి త్వరగా ఖాళీ అయినంత మాత్రాన ఇది జరిగినట్టు కాదు.

ముందుగా ఇవి చూడండి

• తెల్లవారుజామున చేప పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తక్కువైనట్టే. అప్పుడు ఏ వాసనా పనిచేయదు. మేత ఆపి, నీరు పెట్టండి లేదా ఏరియేటర్లు తిప్పండి.
• పచ్చి తవుడు త్వరగా ముక్కిపోతుంది. ముక్కిన వాసన వచ్చినా, చెక్కకు బూజు పట్టినా వాడకండి. వాసన మందుతో దాన్ని కప్పిపుచ్చడం మరీ ప్రమాదం.
• సంచుల్లో మిగిలిన మేత పులుస్తుంది. తీసేసి, సంచులు కడిగి ఎండబెట్టండి.
• వల లాగిన వెంటనే మేత కట్టకండి. గాయపడిన చేప చర్మం నుంచి వచ్చే పదార్థం తోటి చేపలను బెదరగొడుతుంది. 1930లలోనే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించారు.

ఇవన్నీ సరిగా ఉన్నా మందు వాడి చూడాలనుకుంటే, సగం సంచుల్లోనే కలపండి. మర్నాడు సంచుల స్థానాలు మార్చండి. దీంతో చేప దేనికి వస్తోందో తెలుస్తుంది కానీ పెరుగుదల తెలియదు. దానికి ఒకేలాంటి రెండు చెరువులు కావాలి. 15 రోజులకోసారి చేపల బరువు తూచి, వాడిన మేతతో కలిపి రాసుకోవాలి.

కొన్నప్పుడు బిల్లు తప్పక తీసుకోండి. డబ్బాపై ఏమేం కలిపారో రాయకపోతే కొనకండి. చేప మేతల నాణ్యతపై మన రాష్ట్రంలో 2020 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. అనుమానం వస్తే రైతు సేవా కేంద్రంలోని మత్స్య సహాయకుడికి బిల్లు, డబ్బా రెండూ చూపించండి.