పక్కన నిలబడ్డవాళ్ల కోసం కొనాల్సిన తాడు

వానాకాలం సాయంత్రం హైదరాబాద్‌లో బయోడైవర్సిటీ కూడలిలోనో, రాయదుర్గంలోనో, లింగంపల్లి రైల్వే వంతెన కిందనో ఒక కారు నీళ్లలో ఆగిపోతే దాని చుట్టూ ఎంతమంది చేరతారో ఆ దారిన పోయేవాళ్లకు తెలుసు. సందు కోసం చూసే బైకులవాళ్లు, వెనక ఆఫీసు క్యాబులు, ఫుట్‌పాత్ మీద లాప్‌టాప్ బ్యాగును గుండెకు హత్తుకుని నిలబడ్డ పిల్లలు, ఫోను పైకెత్తి వీడియో తీసేవాళ్లు. ఇంతలో ఎవరో మంచి మనసున్న యువకుడు వించ్ ఉన్న తన జీపును ఎదురుగా నిలబెట్టి, తాడు లాగి, కొక్కెం తగిలిస్తాడు. మోటారు తిరుగుతుంది, తాడు బిగుస్తుంది. ఆ తాడుకు చేయి చాపితే అందేంత దూరంలో జనం.

పటాన్‌చెరు వైపు కర్మాగారాల్లో బరువులెత్తే రిగ్గింగ్ పని చేసి రిటైరైనవాణ్ని నేను. అందరూ కారు కదిలిందా అని చూస్తుంటే నా కళ్లు తాడు మీదికే పోతాయి. అది ఉక్కు తీగైతే జనాన్ని వెనక్కి నెట్టేదాకా నాకు ఊపిరాడదు. అందుకే చెబుతున్నాను: హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ రోడ్ల మీద తిరిగే జీపుల, ఎస్‌యూవీల వించ్‌ల మీద ఉక్కు తీగ తీసేసి సింథటిక్ తాడు చుట్టుకోవాలి.

ఉక్కు వైర్ రోప్ మీద నాకు కోపం లేదు. 1834లో జర్మనీలోని హార్జ్ గనుల్లో విల్హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి దాన్ని తయారు చేయించినప్పటి నుంచి గనులు, ఓడలు, క్రేన్లు దాని మీదే నడిచాయి. నా ఇల్లూ దాని మీదే నడిచింది. కానీ అది తెగితే ఏం చేస్తుందో చూసినవాణ్ని. బరువు మీద ఉన్న తీగ కంటికి కనపడనంతగా సాగి, తనలో శక్తి దాచుకుంటుంది. తెగిన క్షణంలో ఆ శక్తంతా తీగ బరువుతో కలిసి అడ్డంగా విసురుకుంటుంది. నేను పనిచేసిన ఒకచోట అలా తెగిన తీగ మా తోటి ఖలాసీకి మోకాలి కింద తగిలింది. కాలు దక్కింది కానీ ఆ మనిషి మళ్లీ రిగ్గింగ్ పనికి రాలేదు. హెల్మెట్లు పెట్టుకుని, గీత గీసి, గీత లోపలికి ఎవరినీ రానివ్వని చోట జరిగిన సంగతి ఇది. రాయదుర్గంలో గీత గీసేదెవరు?

మా మేనల్లుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తాడు. థార్ కొని దానికి వించ్ పెట్టించాక నన్ను అడిగాడు: ‘‘ప్లాస్టిక్ తాడు గుంజుతదా మామా?’’ గుంజుతుంది. లెక్క చెప్పాను. బండి ఖాళీగా 1,700 కిలోల పైచిలుకు. మనుషులు, సామాను కలిపితే రెండు టన్నులు దాటుతుంది. పూర్తి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగే వించ్ ఉండాలన్నది ఈ పనిలో అందరూ పాటించే కొలత. మావాడిది 9,500 పౌండ్ల వించ్, అంటే దాదాపు 4,300 కిలోలు. 10 మిల్లీమీటర్ల మంచి సింథటిక్ తాడు తెగాలంటే దాదాపు 9 టన్నుల లాగుడు కావాలి. వించ్ బలానికి రెట్టింపన్నమాట. అదే పనికి వాడే 9 మిల్లీమీటర్ల ఉక్కు తీగ 28 మీటర్ల చుట్ట పది కిలోల దాకా తూగుతుంది. సింథటిక్ చుట్ట కొక్కెం కాక రెండు కిలోల లోపే. బరువు లేనిది తెగినా తీగలాగా విరుచుకుపడదు, చాలామటుకు కింద పడిపోతుంది. అయితే దాని కొసనున్న కొక్కెం, షాకిల్ మాత్రం ఇనుమే. అవి ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి సింథటిక్ వేసుకున్నా తాడు మీద బరువైన దుప్పటి కప్పాల్సిందే, జనాన్ని దూరం పంపాల్సిందే.

ఈ తాడును అల్లేది పాలిథిలీన్ పోగుతోనే, కాకపోతే దాని అణువులు చాలా పొడవుగా, అన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. నెదర్లాండ్స్‌కు చెందిన డీఎస్ఎం కంపెనీ 1990లో డైనీమా పేరుతో దీన్ని వ్యాపారంగా తయారు చేయడం మొదలుపెట్టింది. ఓడలను లాగే టగ్గుల తాళ్లలో, తూటాను ఆపే కవచాల్లో ఉండేది ఇదే పోగు. వించ్ తాడులో దాన్ని పన్నెండు పాయల జడగా అల్లుతారు. నీళ్లకన్నా తేలిక కాబట్టి తేలుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు ఈ నగరంలో కార్లు కొట్టుకుపోయాయి. అలాంటి బురదనీటిలో ఉక్కు తీగ మునిగి ఎక్కడుందో తెలియదు, పైకి తేలే తాడు కనిపిస్తుంది. చేతిలో ముల్లు గుచ్చుకోకుండా పట్టుకోవచ్చు. తెగిన తీగల ముళ్లు అరచేతిలో దిగితే ఎలా ఉంటుందో ఏ ఖలాసీని అడిగినా చెబుతాడు.

ఇంత చెప్పాక దాని బలహీనతలు దాచకూడదు. అందులో మొదటిది మన ఊరి రాయి. ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు చుట్టూ బండలు, నానక్‌రామ్‌గూడ సెల్లార్ల కోసం పేల్చి తీసిన రాళ్లు, అన్నీ 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటే. అందులోని పలుగురాయి పలుకులు ఉక్కు తీగను గీకి వదిలేస్తాయి, సింథటిక్ పోగును మాత్రం కోసేస్తాయి. బిగిసిన తాడు పేల్చిన రాతి అంచుకు ఒరుసుకుంటే లాగుడు మొదలైన చోటే పాయలు తెగిపోవచ్చు. అందుకే తాడుతోపాటు వచ్చే తొడుగును రాయి తగిలే చోటికి జరపాలి. అది లేకపోతే పాత టైరు ముక్కో, మందంగా మడిచిన గోనెసంచో వేయాలి. వికారాబాద్, గండిపేట వైపు సెలవురోజుల్లో బండలెక్కే కుర్రాళ్లకు ఇది మరీ ముఖ్యం. బురదలో వాడిన తాడును ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. పాయల మధ్య చిక్కిన ఇసుక లోపలినుంచే నమిలేస్తుంది.

రెండోది వేడి. ఈ పోగు 145 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది, 70 డిగ్రీలు దాటినప్పటి నుంచే బలం తగ్గుతుంది. చాలా వించ్‌లలో బ్రేకు, తాడు చుట్టుకునే డ్రమ్ లోపలే ఉంటుంది. వాలు మీద బండిని మోటారుతో మెల్లగా కిందికి దింపుతుంటే బ్రేకు కాలి, డ్రమ్‌ను అంటుకున్న చుట్లు కరుగుతాయి. అలాంటి పని కొంచెం కొంచెంగా, ఆగి ఆగి చేయాలి. మే నెల ఎండలో తాడు బయట పడి ఉండకుండా వించ్‌కు తొడుగు కూడా వేసి ఉంచాలి.

మార్పిడి పని కూడా తాడు కొనడంతో అయిపోదు. ఉక్కు తీగ తిరిగిన పాత రోలర్ల మీద గాళ్లు పడి ఉంటాయి, అవి కొత్త తాడును చీలుస్తాయి. రోలర్లు తీసి, తాడు బయటికి వచ్చే చోట నున్నటి అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ పెట్టించాలి. డ్రమ్ మీద గరుకుంటే ఆకురాయితో నున్న చేయాలి. ఈ తాడు జారుడు స్వభావంది కాబట్టి డ్రమ్ మీద ఎప్పుడూ ఎనిమిది పది చుట్లు మిగిలి ఉండాలి. తెగితే ముడి వేసి నడిపించొద్దు. ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. పాయలను తిరిగి తాడులోకే దూర్చి అతికే స్ప్లైసింగ్ నేర్చుకోవాలి, చేత్తోనే చేయొచ్చు.

రాణిగంజ్ దుకాణాలకు వెళ్లినా, ఫోన్‌లో ఆర్డరు పెట్టినా రంగు చూసి మోసపోకండి. నైలాన్, పాలిస్టర్ నీళ్లలో మునుగుతాయి. బకెట్‌లో ముక్క వేస్తే తెలిసిపోతుంది. అయితే పాలిప్రొపిలీన్ కూడా తేలుతుంది, అది వించ్‌కు పనికిరాదు. కాబట్టి తేలిందని తృప్తి పడక, ఎంత లాగుడుకు తెగుతుందో రాసిన తయారీదారు సర్టిఫికెట్ అడగండి. ఇంకో చిక్కు, కైనెటిక్ తాడు పేరుతో అమ్మే నైలాన్ తాడు. అది సాగి ఊపుతో లాగడానికి చేసింది. సాగినప్పుడు బోలెడు శక్తి దాచుకుంటుంది. దాన్ని వించ్‌కు చుట్టడమంటే తప్పించుకోవాలనుకున్న ప్రమాదాన్నే మళ్లీ తెచ్చుకోవడం.

లారీలను, బస్సులను ఈడ్చే పెద్ద క్రేన్ల సంగతి వేరు. అక్కడ ఉక్కు తీగ ఉండనివ్వండి. ఆ వేడికి, ఆ ఒరిపిడికి అదే తట్టుకుంటుంది. కానీ అది పనిలో ఉన్నంతసేపు రోడ్డు రెండు వైపులా ఆపాలి. ట్రాఫిక్ జామ్ అవుతుందని జనాన్ని తీగ పక్కనుంచి వదలడం నాకు ఏ లెక్కలోనూ సరైనదిగా తోచదు.

వాహనం బయట ఉన్న మనిషి గురించి ఆలోచించడం మన చట్టానికి కొత్త కాదు. బండి ముందు బిగించే ఇనుప గార్డులు పాదచారులకు ప్రమాదమని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. వించ్ పెట్టించుకునేవాళ్లు బంపరు మార్చే ముందు ఆ సంగతీ చూసుకోవాలి. అదే ఆలోచన తాడు దాకా రావాలి. 2024 జులైలో ఏర్పడిన విపత్తు స్పందన సంస్థ హైడ్రా గానీ, సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు గానీ వించ్ ఉన్న వాహనం తీసుకునేటప్పుడు తాడు ఏ రకం, ఎంత లాగుడుకు తెగుతుంది, ఏ తేదీన చుట్టారు అన్నవి కాగితం మీద అడగాలి. తొలకరికి ముందే తాడంతా విప్పి చూడాలి. పైన నూగు లేస్తే భయం లేదు. పాయ తెగినా, ఒకచోట మెరుస్తూ గట్టిపడి వంచినా మెత్తబడకపోయినా ఆ భాగం తీసేయాలి.

మా మేనల్లుడు సింథటిక్ తాడు చుట్టించాడు. విప్పిన ఉక్కు తీగను ఎవరికైనా అమ్ముతానన్నాడు, కొత్తదే కదా అని. తీగలో రెండుచోట్ల ముళ్లు లేచి ఉన్నాయి. మా పనిలో పనికిరాదని తేల్చిన స్లింగ్‌ను అక్కడికక్కడే ముక్కలు చేసేవాళ్లం, మరొకరు తెలియక వాడకుండా. దీన్నీ గ్రైండర్‌తో మీటరు మీటరుకు కోయించి తుక్కుకు వేయించాను.