కేకను నిషేధించువారితో ఒక మాట



మీ పల్లెలనుండి ఉద్యోగమునకై హైదరాబాదు వెళ్లిన బిడ్డలను గూర్చి ఈ నెల మీతో మాటలాడగోరుచున్నాను. వారిలో అనేకులు నగరమునకు పడమట నార్సింగి, కోకాపేట, మణికొండ ప్రాంతముల హాస్టళ్లలో నివసించుచున్నారు. నార్సింగి యొకప్పుడు గండిపేట చెరువునకు పోవు దారిలో పొలముల నడుమ నుండిన గ్రామము. నేడచ్చట ఔటర్ రింగురోడ్డు ప్రక్కను ఆకాశమంటు మేడలు లేచినవి. అమెరికా వేళలనుబట్టి రాత్రియెల్ల పనిచేసి, తెల్లవారుజామున గదికి చేరు మీ బిడ్డల చెవులలో ఏమి మ్రోగుచున్నదో మీరెరుగుదురా?

ఒక తల్లి కోరగా నేనట్టి యువకుని నొకనిని చూడ వెళ్లితిని. తండ్రి ప్రభువునందు నిద్రించిన పిమ్మట అతడు మందిరమునకు వచ్చుట మానెను. "ఎప్పుడు చూచినా ఆ సాతాను పాటలే వింటున్నాడు అయ్యగారూ, కాస్త మందలించండి" అని ఆమె చెప్పెను. మందలించు తలంపుతోనే పోయితిని. అతడు తన చెవిలోనిది తీసి నా చేతికిచ్చి, "ముందు వినండి అయ్యగారూ" అనెను. వింటిని. రేకుల కప్పుపై వడగండ్లు కురిసినట్లు డ్రమ్ములు, బరువైన మంద్రస్వరములో కరెంటు గిటారులు, వాటి నడుమ గొంతు చించుకొని అరచు మనుష్యుడు. ఈ తీరు సంగీతమును మెటల్‌కోర్ అందురట. ఒక్క మాటయు నాకు తెలియలేదు. "ఇది పాటయేనా, నాయనా?" అని అడిగితిని. అప్పుడతడు ఆ పాటల వెనుకనున్న సంగతి చెప్పెను.

ఆ బృందము పేరు ఆర్కిటెక్ట్స్. ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణము వారిది. అందు టామ్ సర్ల్, డాన్ సర్ల్ అను కవల సహోదరులుండిరి. టామ్ గిటారు వాయించుచు పాటలు కట్టెడివాడు, డాన్ డ్రమ్ములు వాయించువాడు. టామ్ చర్మపు క్యాన్సరు పాలై, ఆ వ్యాధితో పోరాడుచునే వ్రాసిన పాటల సంపుటి 2016 మే నెలలో వెలువడెను. మన దేవుళ్లందరు మనలను విడిచిపోయిరని దాని పేరునకు అర్థము. అదే సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, 28 ఏండ్ల ప్రాయమున, టామ్ మరణించెను. అతడు ముగింపక విడిచిన యొక పాటను డాన్ పూర్తిచేయగా అది 2017లో వచ్చెను. 2018 నవంబరులో 'హోలీ హెల్' అను సంపుటి వచ్చెను. బాధను మనుష్యుడెట్లు భరించును, దానితో ఎట్లు బ్రతుకును, దానివలన ఏమి నేర్చుకొనును అనునదే దాని సారమని డాన్ తానే చెప్పెను. తోబుట్టువును పాతిపెట్టిన మనుష్యుని రోదనము అది.

మనలో కొందరు పేరు వినగానే తీర్పు తీర్చుదురు. ఇట్టి సంగీతము పరదేశములలోనే లేదు. హైదరాబాదు, బెంగుళూరు యువకులు కూడి 'గాడ్‌లెస్', అనగా దేవుడు లేనివారు, అను పేరుతో బృందము కట్టి 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అను సంపుటి తెచ్చిరి. ఆ పేరు వినినంతనే మన బోధకులు చెవులు మూసికొందురు. సరే, క్రైస్తవులమని చెప్పుకొనిన బృందముల మాటయేమి? 'యాజ్ ఐ లే డయింగ్' అను అమెరికా మెటల్‌కోర్ బృందమునకు క్రైస్తవ బృందమని పేరుండెను. దాని గాయకుడు టిమ్ లాంబెసిస్ తన భార్యను చంపించుటకు మనిషిని కుదుర్చుకొన యత్నించి 2013లో పట్టుబడెను. నేరము ఒప్పుకొనగా 2014లో ఆరేండ్ల శిక్ష పడెను. చెట్టును దేనివలన తెలిసికొనవలెనో ప్రభువు మనకు చెప్పియే యున్నాడు. అట్టలపైని పేరులనుబట్టి కాదు గదా!

అయితే నన్ను గాయపరచినది ఆ బృందము సంగతి కాదు. ఆ యువకుడు చివరకు పలికిన మాట యిది: "నాన్నగారి సమాధి దగ్గర మన పెద్దలు నన్ను ఏడవనివ్వలేదు. విశ్వాసి ఏడిస్తే సాక్ష్యం చెడుతుందన్నారు. అప్పటినుంచి నా బదులు వీళ్లు అరుస్తున్నారు, అయ్యగారూ."

సహోదరులారా, ఈ మాటకు మనమేమి ఉత్తరమిత్తుము? కన్నీరు అవిశ్వాసమని మనకు నేర్పినదెవరు? థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయమును చూపుదురు. అందు పౌలు నిషేధించినది కన్నీటిని కాదు, నిరాశను. స్తెఫను సమాధియొద్ద భక్తులు గొప్ప రోదనము చేసిరని అపొస్తలుల కార్యముల 8వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. మరికొంతసేపటికి లాజరును లేపబోవుచున్నానని యెరిగియు ప్రభువు అతని సమాధియొద్ద కన్నీరు విడిచెను. 88వ కీర్తన చదువుడి. అది చీకటిలోనే ముగియును, ఓదార్పు మాట ఒక్కటియు చివర లేదు. అయినను దానిని పరిశుద్ధ గ్రంథములోనుండి తీసివేయుటకు ఎవరును సాహసింపలేదు. మనము మాత్రము దానిని మన ఆదివారములనుండి తీసివేసితిమి!

శుభ శుక్రవారమున సిలువపై పలికిన ఏడు మాటలను ఏడుగురు బోధకులకు పంచిపెట్టుదుము. నాలుగవ మాట పంచబడినవాడు అరగంట ప్రసంగించును. తండ్రి తన్ను విడిచెనని కుమారుడు బిగ్గరగా కేకవేసిన మాట అది. ఆ కేకను వేదికపై వ్యాఖ్యానించి, మరుసటి వారము విధవరాలి నోట దానినే నిషేధించుట వేషధారణ కాదా?

నన్ను అపార్థము చేసికొనకుడి. ఆ సంగీతమును మందిరములోనికి తెమ్మని నేననుట లేదు. అట్టి పాటలలో మనము అంగీకరింపరాని మాటలును కలవు. దేవుళ్లందరు విడిచిపోయిరనువాని కేక ఎవరికి చేరును? ఆలకించువాడు లేని కేక గోడకు తగిలి తిరిగి వచ్చి, కేకవేసినవానినే అలయజేయును. కీర్తనకారుడును చీకటిలోనే యుండెను గాని, అతడు చీకటిలో దేవునితో పోరాడెను. భేదమంతయు ఇచ్చటనే యున్నది. ఈ భేదమును ఆ యువకునికి చూపవలసినవారము మనమే. మనమో అతని నోరు మూసితిమి. నోరు మూయబడినవాడు తన బదులు అరచువానిని వెదకికొనుట ఆశ్చర్యమా?

కాబట్టి సంఘపెద్దలారా, మరణము జరిగిన యింటికి పోయినప్పుడు యోబు స్నేహితుల మొదటి ఏడు దినములను జ్ఞాపకము చేసికొనుడి. వారు నేలపై కూర్చుండి మౌనముగా నున్నంతకాలము మంచి స్నేహితులే, నోరు తెరచిన తరువాతనే చెడిరి. ఆదివారపు ఆరాధనలో అప్పుడప్పుడు విలాపవాక్యములను, 88వ కీర్తనను బిగ్గరగా చదివించుడి. తల్లిదండ్రులారా, క్రిస్మసుకు మీ బిడ్డ యింటికి వచ్చినప్పుడు జీతమెంతయని అడుగుటకు ముందు, ఏమి వినుచున్నావు నాయనా అని అడుగుడి. అతడు ఇచ్చినయెడల మీరును ఒకమారు వినుడి. ఆ అరుపు వెనుక మీరు పాతిపెట్టిన మనిషికై మీ బిడ్డ ఏడ్వలేకపోయిన యేడ్పు ఉండవచ్చును.

ఆ దినమున నేను మందలింపలేదు. అతని మంచముపై కూర్చుండి 88వ కీర్తన ఆదినుండి తుదివరకు చదివితిని. అతడు ఏడ్చెను. నేనును ఏడ్చితిని. మేము ప్రార్థించిన తరువాత, ఇది మన బైబిలులోనే ఉన్నదా అని అతడడిగెను. ఇంతకాలము మనము దాచియుంచితిమని చెప్పుటకు సిగ్గుపడితిని.

లాజరు సమాధియొద్ద కన్నీరు విడిచిన ప్రభువు మన సంఘములకు ఏడ్చుటకు ధైర్యమును, ఏడ్చువారి ప్రక్కను కూర్చుండు ఓపికను దయచేయును గాక. ఆమేన్.