తప్పొప్పుల పట్టిక

మా ఇంట్లో ఇంటర్నెట్టు పంచిపెట్టే పెట్టె ఒకటుంది. రౌటరంటారు దాన్ని. అరచేతికన్న కాస్త పెద్దది. పుస్తకాల బీరువా మీద నాలుగు పచ్చదీపాలు వెలిగించుకుని కూర్చుంటుంది. మా ఆవిడ దుమ్ము దులిపేటప్పుడు తప్ప దాని ఉనికి ఎవరికీ పట్టదు. కిందటి నెలలో ఒకనాటి రాత్రి, కరెంటు దీపం ఒక్కటి మినహా మిగతావన్నీ కొండెక్కాయి. ఎక్కించినవాణ్ణి నేనే.

ఆ రాత్రి పన్నెండు లోపల అరవై ఇద్దరు పిల్లల మార్కులు కాలేజీకి పంపాలి. పంపకపోతే వాళ్ళ హాలుటిక్కెట్లు ఆగిపోతాయి. పని మొదలుపెట్టే ముందు, ఏ బుద్ధి పుట్టిందో, రౌటరు లోపలి పేజీ తెరిచి చూశాను. ముప్పైకి పైగా ప్యాకేజీల పేర్లు, ఒక్కొక్కదాని పక్కన "కొత్తది ఉన్నది, మార్చుకొనుడు" అనే అర్థం వచ్చే మీట. తెలుగు మాస్టర్ని. తప్పు కనబడితే దిద్దకుండా పేజీ తిప్పలేను. వరసబెట్టి అన్నీ నొక్కాను.

హైదరాబాదులో ఉన్న పాత శిష్యుడికి ఫోను చేశాను. ఆ పెట్టెలో కంపెనీవారి ప్రోగ్రాము తీసేసి ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టినవాడు అతడే.

"అన్నీ ఒకేసారి నొక్కేశారాండి, మాస్టారూ?"

"నొక్కానయ్యా. కొత్తవి మంచివే గదా?"

"ఆయ్, మంచివేనండి. పెట్టడానికి చోటేదండి?"

అప్పుడు చెప్పాడు సంగతి. 2003లో లింక్సిస్ కంపెనీ తన డబ్ల్యు.ఆర్.టి. 54జి అనే రౌటరు తాలూకు మూలపాఠం బయటపెట్టవలసి వచ్చింది. అందులో లినక్సు ఉంది గనక. దాన్ని పట్టుకుని 2004లో కొందరు ఔత్సాహికులు మొదలుపెట్టినదే ఈ ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. చిన్న పెట్టెల కోసం చేసినది కాబట్టి అమరిక కూడా విచిత్రమైనది. అడుగున అచ్చువేసిన పుస్తకం లాంటి పొర ఒకటి. అందులో ఒక్క అక్షరం చెరపడానికి వీల్లేదు. దానిమీద కొద్దిపాటి తెల్లకాగితాలు. మనం ప్యాకేజీ మార్చామంటే అచ్చులో ఉన్నది పోదు. కొత్తది తెల్లకాగితం మీద రాసి పాతదాని మీద అంటించడమే. పాతదీ చోటు తింటుంది, కొత్తదీ తింటుంది. మా పెట్టెలో చోటంతా కలిపి 16 మెగాబైట్లు. ఈనాటి ఫోనుతో తీసిన నాలుగైదు ఫొటోలు పడితే గొప్ప. ముప్పై చీటీలు అంటించేసరికి కాగితాలైపోయి, సగం రాసిన చీటీతో పెట్టె నిలిచిపోయింది.

మా చిన్నప్పటి పుస్తకాల వెనక తప్పొప్పుల పట్టిక ఉండేది. నాలుగు తప్పులకు పట్టిక చాలు. పుటకు పదేసి చీటీలు అంటించాలంటే ఆ పుస్తకాన్ని తిరిగి అచ్చు వేయించుకోవడమే మేలు గదా!

చోటు ఉన్నా ఇంకో చిక్కుందట. ఈ ప్యాకేజీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. "వాడు వచ్చాడు" అనే వాక్యంలో కర్తను దిద్ది "వారు" అని, క్రియను మరచిపోతే "వారు వచ్చాడు" అవుతుంది. మనమైతే నవ్వుకుని చదువుకుంటాం. యంత్రానికి నవ్వు రాదు, మాట్లాడటం మానేస్తుంది. మరీ ముఖ్యంగా కెర్నెలు అనే మూలభాగానికి తగిలించే ముక్కలు ఏ కూర్పుకు చేసినవి ఆ కూర్పుకే అతుకుతాయి.

అలాగని మార్పులు మానేయడానికీ లేదు. 2018 మే నెలలో వి.పి.ఎన్. ఫిల్టర్ అనే దొంగ ప్రోగ్రాము 54 దేశాలలో దాదాపు అయిదు లక్షల రౌటర్లలోనూ, అలాంటి ఇతర పరికరాలలోనూ దూరి ఉన్నట్లు బయటపడింది. పెట్టె మనదే, దీపాలూ వెలుగుతూనే ఉంటాయి, కొలువు మాత్రం మరొకరికి.

ప్యాకేజీలు తెచ్చే పనివాడే తప్పు చేసిన కథ ఇంకా బాగుంది. ఆ పనివాడి పేరు ఓ.పి.కె.జి. దిగుమతైన సరుకు అసలుదో కాదో సీలు పోల్చి చూడటం దాని ధర్మం. 2017 ఫిబ్రవరిలో చేసిన ఒక మార్పుతో, సీలు సంఖ్యకు ముందున్న ఒక్క ఖాళీజాగా దానికి అడ్డు తగిలింది. ఖాళీ చూసి "ఇక్కడ సీలు లేదు కాబోలు" అనుకుని పోల్చడం మానేసింది! దారిలో కాపువేసినవాడు సరుకు మార్చినా లోపలికి రానిచ్చేదన్నమాట. 2020 జనవరిలో గాని దిద్దలేదు. అరసున్న పోతే మార్కు తగ్గించానని నన్ను తిట్టుకున్న పిల్లలందరికీ ఈ కథ చెప్పాలని ఉంది. 2024 చివరినుంచి తయారవుతున్న కొత్త కూర్పులలో ఓ.పి.కె.జి.ని తప్పించి ఎ.పి.కె. అనేదాన్ని పనిలో పెట్టుకున్నారు. పనివాడు మారినా అచ్చుపొర అచ్చుపొరే.

"మరి ఏం చేయాలోయ్?" అన్నాను.

"ధవళేశ్వరంలో ఉండి నన్నడుగుతారేంటండి? కాలువలు ఎప్పుడు బాగుచేస్తారండి?"

నిజమే. నిండుగా పారే కాలువలో దిగి లాకు తలుపులు ఎవరూ విప్పరు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు పూడిక తీస్తారు, తలుపులు బాగుచేస్తారు, మళ్ళీ నీరు వదులుతారు. 1852లో పూర్తయిన కాటన్‌గారి ఆనకట్టకు నూరేళ్ళకు పైగా మరమ్మతులు చేస్తూ వచ్చారు. ఇక అతుకులు చాలవనుకున్నాక ఏకంగా 175 గేట్ల బ్యారేజి కట్టుకున్నారు. అది 1982లో పూర్తయింది.

రౌటరుకూ అదే పద్ధతి. ఒకే ఒక్క ప్యాకేజీలో ప్రమాదం ఉందని తయారుచేసినవారే చెబితే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. లేదంటే అచ్చుపొరతో సహా మొత్తం కూర్పు ఒకేసారి మార్చాలి. ముందు అమరికలన్నీ కంప్యూటరులోకి నకలు తీసుకోవాలి. అదనంగా చేర్చుకున్న ప్యాకేజీల పేర్లు కాగితం మీద రాసుకోవాలి. కొత్త కూర్పులో అవి ఉండవు. ఆ జాబితా పంపితే అన్నీ కలిపి అచ్చువేసి ఇచ్చే సదుపాయమూ ఉంది. 2024 డిసెంబరులో అందులోనూ ఒక లోపం బయటపడింది: 64 అక్షరాల సీలులో 12 మాత్రమే పోలుస్తున్నారట. వెంటనే దిద్దారనుకోండి.

ఇదంతా వినేసరికి పదకొండు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని పక్కింటి వరండాలో, దోమల సమక్షంలో, అరవై రెండు మార్కులూ ఎక్కించాను. అప్పటికి పన్నెండు కావడానికి తొమ్మిది నిమిషాలుంది.

మర్నాడు శిష్యుడు ఫోనులో చెబుతుంటే పెట్టె బతికించాం. కరెంటు తీసి పెట్టి, దీపం గబగబా కొట్టుకునే క్షణంలో వెనక మీట నొక్కితే ఆపద్ధర్మ స్థితిలో లేస్తుంది. అప్పుడు తీగతో కంప్యూటరుకు కలిపి "ఫస్ట్‌బూట్" అనే ఆజ్ఞ ఇచ్చాం. అంటించిన చీటీలన్నీ ఊడిపోయాయి. అడుగున చెరపడానికి వీల్లేని ఆ అచ్చు, నేను తిట్టుకున్న ఆ పాత అచ్చే, చెక్కుచెదరకుండా ఉంది.

కొత్త కూర్పు మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎక్కించాను. మా ఆవిడ టీ.వీ. సీరియల్ ఆగిపోయి ఇవతలికి వచ్చింది.

"కాలువ కట్టేశారా?" అంది.

"ఆఁ. పది నిమిషాలు."

"పూడిక తీస్తున్నారు గదా, ఆ బీరువా మీద పుస్తకాలు కూడా దులపండి" అని గుడ్డ చేతికిచ్చింది.