స్టూడియో యుద్ధంలో ఓటమి ఎందుకు ఉండదు?

2025 మే 8 రాత్రి దేశంలోని పలు టీవీ ఛానెళ్లు కరాచీ రేవు ధ్వంసమైందని ప్రకటించేశాయి. ఐఎన్‌ఎస్ విక్రాంత్ రంగంలోకి దిగిందన్నాయి. తెరపై మంటలు, క్షిపణులు, వెనక సైరన్ల మోత. తెల్లారేసరికి రేవు ఎక్కడిదక్కడే ఉంది. వార్తల్లో సైరన్ శబ్దం వాడొద్దని పౌర రక్షణ విభాగం ఛానెళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. నిజంగా సైరన్ మోగిన రోజున జనం దాన్నీ టీవీ మోతే అనుకుంటారన్నది దాని భయం. అవతలి పక్షమూ తక్కువ తినలేదు. పాకిస్తాన్ ప్రభుత్వ ఖాతా నుంచే వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధ దృశ్యాలుగా బయటికొచ్చాయి.

ఆ గేమ్ పేరు ఆర్మా 3. 2021లో పంజ్‌షీర్ లోయపై పాక్ దాడి అంటూ మన ఛానెళ్లు కొన్ని చూపించిందీ దాన్నే. తమ గేమ్‌ను అసలు యుద్ధంగా చూపిస్తున్నారని, తేడా ఎలా గుర్తుపట్టాలో వివరిస్తూ దాన్ని తయారుచేసిన చెక్ కంపెనీ 2022లోనే ఒక ప్రకటన చేసింది.

ఇక్కడ తప్పు గేమ్‌ది కాదు. 2003లో బీబీసీ ‘టైమ్ కమాండర్స్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ‘రోమ్: టోటల్ వార్’ గేమ్ అప్పటికింకా మార్కెట్లోకి రాలేదు. దాని సాఫ్ట్‌వేర్‌తోనే పురాతన యుద్ధాలను తెరమీద తిరిగి నడిపించారు. మామూలు ఉద్యోగులు నలుగురు ఒక జట్టు. ఇద్దరు సేనాధిపతులు, ఇద్దరు వారి ఆజ్ఞలు అమలుచేసే ఉపసేనానులు. పైవాళ్ల ముందు పటం ఉంటుంది. మధ్యలో అరుపులు, అపార్థాలు, ఆలస్యమైన ఆజ్ఞలు. చరిత్రలో గెలిచిన సైన్యాన్ని చేతికిచ్చినా ఓడిపోయిన జట్లు తక్కువేమీ కాదు. ఆట ముగిశాక అసలు యుద్ధంలో ఏం జరిగిందో నిపుణులు చెప్పేవారు. గ్రాఫిక్స్ ఈరోజు చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆజ్ఞ ఇవ్వడానికీ అది అమలు కావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో అంత బాగా చూపించిన కార్యక్రమాలు అరుదు.

వార్‌గేమ్ అసలు లక్షణం అదే. ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824లో రూపొందించిన ఆటలో రెండు పక్షాల మధ్య ఒక మధ్యవర్తి ఉండేవాడు. ఎవరికి ఎంత కనబడుతుందో అంతే చెప్పేవాడు. దెబ్బ ఎంత తగిలిందో పాచికలు తేల్చేవి. గెలుపు ఎవరిదో ముందే రాసిపెట్టుకుంటే అది ఆట కాదు, నాటకం.

ఈ నియమాన్ని సైన్యాలూ భరించలేకపోయిన సందర్భాలున్నాయి. 2002లో అమెరికా 25 కోట్ల డాలర్లతో ‘మిలీనియం ఛాలెంజ్’ కసరత్తు నిర్వహించింది. శత్రుపక్షం పాత్ర పోషించిన విశ్రాంత జనరల్ పాల్ వాన్ రైపర్ చిన్న పడవలు, క్షిపణులతో 16 అమెరికా యుద్ధనౌకలను కంప్యూటర్‌లో ముంచేశారు. నిర్వాహకులు ఆ నౌకలను తిరిగి తేల్చి, నిబంధనలు బిగించి, ఆట కొనసాగించారు. వాన్ రైపర్ ఆ పాత్ర నుంచి తప్పుకున్నారు.

మన దగ్గర మునిగిన నౌకలను తేల్చే పని చరిత్రలోనూ జరుగుతోంది. 1576 నాటి హల్దీఘాటీ యుద్ధంలో రాణా ప్రతాప్ సేన వెనక్కి తగ్గిందని రాసి ఉన్న ఫలకాలను 2021లో తొలగించారు. అక్బర్ సేనకు నాయకుడు రాజపుత్రుడైన మాన్ సింగ్, ప్రతాప్ ముందువరస సేనాని హకీం ఖాన్ సూర్ అన్న సంగతి ఇంకా ఇబ్బందికరం.

మనకు దగ్గరి ఉదాహరణ 1565 జనవరి నాటి తళ్ళికోట. ఇద్దరు ముస్లిం సేనానులు ఫిరాయించారని వెనీస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. రాగి నాణేలు కూరి దగ్గరనుంచి పేల్చిన ఫిరంగుల గురించి ఫెరిష్టా రాశాడు. మనం ఎక్కువగా వినేది మొదటి కథే. అది చెప్పడం తేలిక, మతం రంగు పులమడం ఇంకా తేలిక. అవతల నిలబడిన గోల్కొండ ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఒకప్పుడు ఏళ్ల తరబడి విజయనగరంలోనే తలదాచుకున్నాడన్నది ఆ కథలో ఇమడదు. ‘టైమ్ కమాండర్స్’ పద్ధతిలో ఆడితే ప్రశ్న మారుతుంది. ఫిరాయింపు తీసేసి ఒకసారి, ఫిరంగులు తీసేసి ఇంకోసారి ఆడొచ్చు. వృద్ధుడైన రామరాయలు పట్టుబడగానే అంత పెద్ద సైన్యం ఎందుకు చెల్లాచెదురైందో, మధ్యలో ఇంకొకరు నాయకత్వం అందుకునే ఏర్పాటు ఉంటే ఏమయ్యేదో చూడొచ్చు. ఇది దేన్నీ రుజువు చేయదు. పాత రచనల్లోని సైన్యాల లెక్కలు నమ్మదగ్గవి కావు, తప్పు లెక్కలు వేస్తే తప్పు ఫలితమే వస్తుంది. కానీ ద్రోహి ఎవరన్న ప్రశ్న పక్కకు జరిగి, ఏ ఏర్పాటు విఫలమైందన్న ప్రశ్న ముందుకొస్తుంది.

వార్తా స్టూడియోల్లో రెండో ప్రశ్నకు చోటు లేదు. 2019లో బాలాకోట్ దాడుల తర్వాత ఒక తెలుగు యాంకర్ సైనిక దుస్తులు వేసుకుని, బొమ్మ తుపాకీ పట్టుకుని తెరమీదికొచ్చారు. మధ్యవర్తి ఉండాల్సిన కుర్చీలో యోధుడు కూర్చున్నాడన్నమాట. ఆరేళ్ల తర్వాత వేషం పోయింది, గ్రాఫిక్స్ మెరుగయ్యాయి. సరిహద్దు ఊళ్లలో పూంఛ్ లాంటి చోట ఇళ్లమీద నిజం గుళ్లు పడుతుంటే, స్టూడియోలో పాకిస్తాన్ ఎదురుదెబ్బ ఎలా ఉంటుందన్న ఊహకు చోటే దొరకలేదు.

చర్చల్లో కూర్చునే విశ్రాంత సేనాధికారులకు వార్‌గేములు కొత్త కాదు. వారిలో ఒకరిని శత్రుపక్షం కుర్చీలో కూర్చోబెట్టి, “మీరైతే మనల్ని ఎక్కడ దెబ్బతీస్తారు?” అని గంటసేపు అడగడానికి గ్రాఫిక్స్ ఖర్చు కూడా ఉండదు. మర్నాడు సోషల్ మీడియాలో ఆ అధికారికి ఏ గతి పడుతుందో మాత్రం చెప్పనక్కర్లేదు.