పాపికొండల్లో మనుషులు లేరా?

గోదావరి మీద లాంచీ విహారం గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నీ కొంతకాలంగా ఒకే మూసలో తయారవుతున్నాయి. పొద్దున్నే రేవులో పొగమంచు, చేతికొక ఇడ్లీ పొట్లం, నీళ్లలో కొండల నీడలు, పేరంటపల్లి గుడి, కొల్లూరు ఇసుకతిన్నెల దగ్గర దిగి ఈతలు, ఒడ్డున భోజనాలు, సాయంత్రానికి ఎర్రటి పొద్దు, తిరుగు ప్రయాణం. చివర్లో, ప్రకృతి ఒడిలో తన్ను తాను మరచిపోయానని ఒక ముక్తాయింపు. మరచిపోయిన మాట నిజమే. తనతోపాటు ఆ కొండల్లో బతికే మనుషుల్ని కూడా మరచిపోయాడు. ప్రతి మలుపునూ వర్ణించే ఈ వ్యాసాల్లో లాంచీ నడిపే సరంగు ఎవరో, ఒడ్డున వెదురు బొమ్మలు అమ్మే స్త్రీ ఏ ఊరిదో వెతికినా దొరకదు.

దీనికి ఎదురువాదం మన శిబిరంలోనే ఒకటుంది. విహారం బూర్జువాల విలాసం, పేదల బతుకులు ఇట్లా ఉండగా లాంచీలెక్కి ఈతలు కొట్టడం అభ్యుదయవాదికి తగదు అనేది ఆ వాదం. కాలేజీ నుంచి పిల్లలు పాపికొండలకు బయలుదేరుతున్నారంటే మొహం చిట్లించే మిత్రులున్నారు. ఈ రెండు వర్గాలూ ఒకదానికొకటి బద్ధ విరోధులుగా కనిపిస్తాయి గాని, నా దృష్టిలో రెండూ చేసే తప్పు ఒకటే. మొదటివాడు మనుషుల్లేని అందాన్ని చూస్తాడు. రెండోవాడు ఆ మనుషుల పేరు చెప్పి అందాన్ని చూడనే వద్దంటాడు. నదినీ మనిషినీ కలిపి చూడటం ఇద్దరికీ చేతకాలేదు.

ముందు మన మిత్రుల వాదమే తీసుకుందాం. విశ్రాంతి విలాసమని ఏ శ్రామికోద్యమమూ అనలేదు. ఎనిమిది గంటల పని దినం కోసం పోరాడినవాళ్లు విశ్రాంతికీ ఎనిమిది గంటలు కావాలని అడిగారు. మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లో సోమరితనపు హక్కు గురించి ఒక పుస్తకమే రాశాడు. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం 119వ అధికరణంలో విశ్రాంతిని పౌరుడి హక్కుగా రాసుకున్నది. అదే 1936లో ఫ్రాన్సులో సమ్మెలు చేసిన కార్మికులు ఏటా రెండు వారాల జీతంతో కూడిన సెలవు సాధించుకున్నారు. అంతవరకూ సముద్రం చూసి ఎరగనివాళ్లు పెళ్లాం పిల్లలతో రైలెక్కి తీరానికి పోతే, అక్కడి ధనికుల పత్రికలు వాళ్లను చూసి వెక్కిరించాయి. మనం కూడా ఆ వెక్కిరింపులో గొంతు కలుపుదామా? పోచవరం రేవులో లాంచీ ఎక్కేవాళ్లను ఒక్కసారి చూడండి. ఆదివారం సెలవు దొరికిన సింగరేణి కార్మికుడు, బ్యాంకు గుమాస్తా, పంతులుగారి కుటుంబం, భద్రాచలం మొక్కు తీర్చుకుని అటునుంచి వచ్చిన రైతు. కోటీశ్వరుడు ఈ లాంచీ ఎక్కడు. ఏడాదికి ఒకరోజు నది చూడాలనే కోరిక వర్గద్రోహమైతే, ఆ వర్గంలో మిగిలేవాళ్లెవరు?

ఇక రెండోవర్గం. ప్రకృతి ఆరాధకులు. వీళ్లకు పాపికొండలు ఒక చిత్రపటం. స్త్రీ తలలోని పాపిడిలా నది కొండల్ని చీల్చుకుంటూ పోతుంది కనక పాపిడికొండలు పాపికొండలయ్యాయని ఒక వ్యుత్పత్తి చెబుతారు. అందంగానే ఉంది. కాని ఈ కొండలకు ఇంకో పేరు కూడా ఉంది. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఇక్కడి కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేస్తూ వీటిని బైసన్ హిల్స్ అన్నాడు, అంటే అడవిదున్నల కొండలు. నిజాం రాజ్యపు పాల్వంచ వైపు కొండలెక్కి, వాళ్ల ఊళ్లలో ఉండి ఆయన రాసిన పుస్తకం అది. పోడు వ్యవసాయం మీద బతికే మనుషుల్ని వెదురు వ్యాపారులు బాకీల్లో దించి కూలీలుగా మార్చిన తీరు అందులో ఉంది. మన యాత్రికుడు పేరంటపల్లిలో బేరమాడి కొనే వెదురు పడవ వెనక ఇంత చరిత్ర ఉంది. అదే వెదురు, అదే కొండరెడ్డి. అప్పుడు నరికి తెప్పలు కట్టాడు. ఇప్పుడు చీల్చి బొమ్మలు చేస్తున్నాడు.

ఇవి తిరగబడిన కొండలు కూడా. కల్లు మీద పన్నూ, ముఠాదారుల మీద మన్సబుదారు దౌర్జన్యమూ భరించలేక 1879లో రంప ప్రాంతం లేచింది. అటవీ చట్టాలు పోడును నేరం చేశాక, రోడ్డు పనులకు మన్యంవాళ్లను వెట్టికి తోలాక 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మళ్లీ లేచింది. నీళ్లలో ఈ కొండల నీడలు ఎంత అందంగా పడ్డాయో రాసే రచయితకు, ఈ కొండల నీడన ఎంత రక్తం పడిందో ఒక్క వాక్యంలో చెప్పడానికి కలం ఎందుకు సాగదు?

రచనలో మనుషులు చేరితే అందం చెడుతుందని వీళ్ల భయం కాబోలు. ఆ భయం సినిమా వాళ్లకు లేకపోయింది. 1973లో బాపు, ముళ్లపూడి వెంకటరమణ ‘అందాల రాముడు’ తీశారు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ తీశారు. రెండూ భద్రాచలానికి పోయే గోదావరి ప్రయాణాన్నే కథాస్థలంగా చేసుకున్నాయి. పడవలో రకరకాల మనుషులుంటారనీ, వాళ్ల మధ్య ఎక్కువతక్కువలు ఉంటాయనీ, అదొక చిన్న సమాజమనీ వాళ్లకు తట్టింది. సాహిత్యకారులమని చెప్పుకునే మనవాళ్లకు తట్టలేదు.

మనుషుల్ని చూడని ఈ అలవాటు వట్టి సాహిత్య దోషమైతే ఇంత వ్యాసం అక్కర్లేదు. దాని ఫలితం ప్రాణాల మీదికి వస్తుంది. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర విహారపు లాంచీ బోల్తాపడింది. గోదావరి అప్పుడు 5 లక్షల క్యూసెక్కుల ప్రాంతంలో ప్రవహిస్తున్నది. లాంచీలో ఉన్న 77 మందిలో బయటపడ్డవాళ్లు 26 మంది. మిగిలిన 51 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. 200 అడుగుల పైచిలుకు లోతులో దిగబడ్డ లాంచీని 38వ రోజున, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పైకి తీసింది. ఆ ఇరవై ఆరు మందినీ నీళ్లలోంచి లాగిందెవరు? చుట్టుపక్కల గూడేల మనుషులు, తమ నాటు పడవల్లో వచ్చి. యాత్రా వ్యాసాల్లో కనపడని మనుషులు ఆరోజు మాత్రం కనపడ్డారు!

ఆ తరువాత వచ్చిన రాతల్లో సగం గోదారమ్మ కన్నెర్ర గురించీ విధి వైపరీత్యం గురించీ. ఇదీ భావవాదమే. గోదారమ్మకు కన్ను లేదు, ఎర్రజేయడానికి. అంతటి వరదలో లాంచీ రేవు వదలవచ్చునని ఎవరో ఒకరు నిర్ణయించారు, లేదా ఆపవలసినవాళ్లు ఆపలేదు. టిక్కెట్ల డబ్బు వాపసు ఇవ్వడం ఎవరికో నష్టం. ఆ నష్టానికీ మనుషుల ప్రాణాలకూ మధ్య జరిగిన తూకాన్ని దేవత మీదికి నెట్టే కవిత్వం నిందితుడి తరపు వకీలు పని చేస్తుంది.

దీనికి ఏడాది ముందు జరిగిన మరో ప్రమాదం ఎందరికి జ్ఞాపకముంది? 2018 మే 15న అదే దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర ఒక ప్రయాణికుల లాంచీ గాలివానలో మునిగింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కొండమొదలు వైపు గిరిజనులు. వాళ్లు విహారానికి పోలేదు. ఆ ఊళ్లకు లాంచీయే బస్సు, లాంచీయే అంబులెన్సు, లాంచీయే సంతబండి. కచ్చులూరు మీద కవితలు వచ్చినన్ని మంటూరు మీద వచ్చాయా? నదిని చూడటానికి పోయినవాడి చావు విషాదమూ, నది దాటక తప్పనివాడి చావు వార్తా అయితే, మన కన్నీళ్లకు కూడా వర్గం ఉన్నదన్నమాట.

కచ్చులూరు తరువాత ఆగిన విహారం 2021 నవంబరులో మళ్లీ మొదలైంది. మొదలుకావడం మంచిదే. కాని ఆ లాంచీ ఏ నీటి మీద పోతున్నదో చూడాలి. పోలవరం జలాశయం పూర్తి మట్టం 150 అడుగులు. దానికింద ఊళ్లు వదలవలసిన కుటుంబాలు లక్షకు పైగా. వాళ్లలో గిరిజనులదే పెద్ద పాలు. 2014లో రాష్ట్రం విడిపోగానే, ఈ ముంపు కోసమే అప్పటి ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్నీ, బూర్గంపాడు, భద్రాచలం మండలాల్లో భాగాల్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ ఊళ్ల మనుషుల్ని అడిగి కలపలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగినప్పుడు, 1986 తరువాత అంతటి వరద లేదని లెక్కలు చెప్పారు. ఆ లెక్కలో మునిగిన గుడిసెల మనుషులు ఇంకా పునరావాసం డబ్బుకోసం ఎదురుచూస్తూ ఉన్నవాళ్లు.

రేపు జలాశయం నిండితే కొండల మధ్య నీళ్లు మరింత విశాలంగా, నిశ్చలంగా కనపడతాయి. విహారానికి అంతకన్న అనువైన నీరు ఏముంటుంది? కొత్త లాంచీలు వస్తాయి, కొత్త వ్యాసాలూ వస్తాయి. లాంచీ అడుగున ఎవరి ఇంటి కప్పు ఉందో, ఎవరి చింతచెట్టు ఉందో చెప్పేవాడు మాత్రం ఉండడు.

ఇది ఊహ కాదు, మనకు ఇదివరకే జరిగింది. మా కూసుమంచి పక్కన పాలేరు జలాశయానికి నీళ్లిచ్చేది నాగార్జునసాగర్ ఎడమ కాలువ. ఆ నీళ్లతో ఇక్కడి పొలాలు పండుతున్నాయి, ఆ మేలును కాదనేవాళ్లు లేరు. ఆ సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయలో ముంపుకు గురయ్యే బౌద్ధ శిథిలాల్ని తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని రాయికి రాయి లెక్కపెట్టి కొండమీదికి చేర్చి, మళ్లీ నిలబెట్టి, పక్కనే మ్యూజియం కట్టారు. నేడు లాంచీలో పోయి దాన్ని చూసి వస్తున్నాం. అది గొప్ప పని, ఏ దేశమైనా గర్వపడే పని. మరి అదే లోయ నుంచి లేచిపోయిన రైతులూ, లంబాడీలూ, చెంచులూ ఎక్కడికి పోయారో చెప్పే గది ఒకటి ఆ మ్యూజియంలో ఎందుకు లేకపోయింది? రాళ్లకు దొరికినంత శ్రద్ధగా మనుషులకు పునరావాసం దొరికిందా? పాపికొండల విషయంలో మళ్లీ అదే జరగనిద్దామా?

ఈత గురించి కూడా ఒక మాట. ఇసుకతిన్నెల దగ్గర లాంచీ ఆపితే నీళ్లలోకి దూకే పట్నం పిల్లవాడికి ఈత రాదు. గట్టుమీద నిలబడి చూసే గూడెం పిల్లవాడికి వస్తుంది. మన బడుల్లో ఈత నేర్పరు. నేర్పడానికి మన మండలాల్లో కొలనుల్లేవు. అందుకే ఎండాకాలం వచ్చిందంటే గోదావరి రేవుల్లో పిల్లల చావులు. మరో సంగతి. ఈ దేశంలో అందరూ ఒకే నీళ్లలో దిగడం చిన్న విషయం కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి చవదార్ చెరువు నీళ్లు తాగితేనే అది పోరాటమైంది. 1985లో కారంచేడు మారణకాండ మంచినీళ్ల చెరువు దగ్గరి తగాదాతోనే మొదలైంది. కనక పది కులాల పిల్లలు ఒకే రేవులో దిగి ఈత కొట్టడంలో ఉన్న ఆనందాన్ని మనం తక్కువ చెయ్యగూడదు. దాన్ని ప్రాణభయం లేని ఆనందంగా చెయ్యమని అడగాలి.

ఏమి అడగాలో కూడా స్పష్టంగా చెప్పుకుందాం. విహారపు లాంచీకి ఏ తనిఖీ ఉందో, ఊరి ప్రయాణికుల లాంచీకీ అదే తనిఖీ ఉండాలి. వరద మట్టం చూసి లాంచీ ఆపే అధికారం టిక్కెట్లు అమ్మే చేతుల్లో ఉండగూడదు. కచ్చులూరులో ప్రాణాలు కాపాడిన గూడేల యువకులకే జీతమిచ్చి నది కావలి పెట్టాలి. నదివొడ్డున రాత్రి బసకు వేసే వెదురు గుడిసెల యాజమాన్యం ఎవరిదో తేల్చాలి. గిరిజనుల భూమి గిరిజనేతరుల పరం కాగూడదని 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ చెబుతున్నది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గనులకు చెల్లిన న్యాయం గుడిసెల హోటళ్లకు ఎందుకు చెల్లదు? ఆ ఇసుకతిన్నెల మీద వచ్చే రాబడిలో గ్రామసభకు వాటా ఎంత? అన్నిటికన్న ముందు, పూర్తి పునరావాసం దొరకనిదే ఒక్క అడుగు మట్టం కూడా పెంచగూడదు.

విద్యార్థి మిత్రులు నిక్షేపంగా పాపికొండలకు పోవచ్చు. ఈత వచ్చినవాళ్లు ఈత కొట్టవచ్చు, రానివాళ్లు నేర్చుకోవచ్చు. కాని తిరిగివచ్చి రాసే వ్యాసంలో కొండ ఎత్తుతోపాటు వెదురు కూలీ రేటు కూడా ఉండాలి. సరంగు జీతం ఉండాలి. ఒడ్డున కనపడ్డ ఊరి పేరూ, ఆ ఊరు ఖాళీ చేయించారా లేదా, చేయిస్తే ఎక్కడికి పంపారు అనే సంగతీ ఉండాలి. అవి చేరినందువల్ల గోదావరి అందం ఒక్క పిసరైనా తగ్గదు. అవి లేకుండా రాసింది ఎంత సొగసుగా ఉన్నా లాంచీ యజమాని అచ్చువేసే కరపత్రానికి మించి విలువ చెయ్యదు.