అమ్మ భాషే అడ్డమా?

ఆటిజం వున్న పిల్లవాడికి మాట రాకపోతే, మన పట్టణాల్లో తల్లిదండ్రులకు తరచు దొరికే సలహా ఒకటి వుంది: “ఇంట్లో తెలుగు మానేయండి. రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడు. ఇంగ్లీషొక్కటే మాట్లాడండి.” తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనుక స్వభాషాభిమానంతో అంటున్నాననుకోకండి, యీ సలహాకు శాస్త్రం మద్దతు లేదు.

2010 తరువాత వెలువడిన పరిశోధనలు, రెండు భాషలు వింటూ పెరిగిన ఆటిజం పిల్లలను ఒకే భాష విన్న ఆటిజం పిల్లలతో పోల్చి చూశాయి. రెండో భాష మూలాన మాట మరింత వెనకబడిందని అవి తేల్చలేదు.

మరి మాట యెలా పుడుతుంది? బిడ్డ చూసే వస్తువును తల్లీ చూస్తుంది, దాని పేరు చెబుతుంది, జవాబు కోసం ఆగుతుంది. బిడ్డ చెయ్యి చాస్తే దాన్నే జవాబుగా తీసుకుంటుంది. యీ ఇచ్చిపుచ్చుకోవడం ఆమెకు నోరారా వచ్చిన భాషలోనే హాయిగా సాగుతుంది. అరకొర ఇంగ్లీషయితే ‘కమ్’, ‘సిట్’, ‘ఈట్’ అనే ఆజ్ఞలే మిగులుతాయి. లాలిపాట పోతుంది, పరాచికం పోతుంది. నాయనమ్మ తన యింట్లోనే నోరు కట్టేసుకోవలసి వస్తుంది.

1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకం దృష్టికి వచ్చింది. ఆ తరువాత, తల్లికి ప్రేమ లేకపోవడమే దీనికి కారణమన్న వాదం బయలుదేరింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం దానికి ప్రచారం తెచ్చిపెట్టింది. ఆ వాదం అబద్ధమని తేలిపోయింది. నిన్న తల్లి మనసును ముద్దాయిని చేశారు. నేడు తల్లి నోటిని చేస్తున్నారు.

“బడి ఇంగ్లీషులో వుంది గదా, ఏం చేస్తాం?” అంటారు. నిజమే, బజారు ఇంగ్లీషుకే ధర కడుతున్నది. అయితే ఆ దోషం బడిది; బిడ్డ చేత దానికి మూల్యం చెల్లించడమేమిటి? వీలైనంతవరకు బోధన మాతృభాషలో వుండాలని 2009 విద్యాహక్కు చట్టమే అంటున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. నోటిమాటకు తోడుగా ఇతర సాధనాలను ప్రోత్సహించాలన్నది. బొమ్మల కార్డులు అలాంటి సాధనాలే. అవి అలవాటైతే ఇక మాట రాదన్న భయానికీ ఆధారం లేదు.

ఆ కార్డుల మీద ‘నీళ్లు’, ‘నొప్పి’, ‘చాలు’, ‘వద్దు’ అన్న తెలుగు మాటలు వుండాలి. వాటిని ప్రతి ప్రభుత్వ బడికీ ఉచితంగా చేర్చమనీ, వాటిని వాడటం తెలిసిన ఉపాధ్యాయులను నియమించమనీ అడగవలసింది మనం. ప్రజల భాష కోసం సభలు పెడుతున్నాం. ‘వద్దు’ అని చెప్పే సాధనం లేని బిడ్డ ఆ ప్రజల్లో లేడా?